బెంగళూరులో ఉంటూ జకాత్ ఇవ్వడం: ఎవరికి, ఏం చూసి, ఎలా

రంజాన్ చివరి పది రోజులొస్తే ఫోన్ నిండా క్యూఆర్ కోడ్ పోస్టర్లే. ఒకదాంట్లో పసిపిల్లాడి గుండె ఆపరేషన్, ఇంకోదాంట్లో కట్టబోయే మదరసా, మరోదాంట్లో వందల కుటుంబాలకు రేషన్ కిట్లు. ఇరవై ఏడో రాత్రి తరావీహ్ అయ్యాక మనసు మెత్తబడి ఉంటుంది కదా, ఆ టైంలో ఎదురుగా ఏ పోస్టర్ కనిపిస్తే దానికి కొట్టేసి, అల్హమ్దులిల్లాహ్, ఈ ఏడాది జకాత్, అంటే ఉన్నవాళ్ళు ఏటా పేదలకి తప్పనిసరిగా ఇవ్వాల్సిన వాటా, అయిపోయింది అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు.

అయిపోలేదండీ. మీరు డబ్బు పంపే సంస్థ చాలావరకు మీ వకీల్ మాత్రమే, అంటే మీ తరఫున హక్కుదారుకి అందజేసే మనిషి. మన హనఫీ ఫిఖ్‌హ్ (హనఫీ పద్ధతి ధర్మశాస్త్రం) ప్రకారం ఆ వకీల్ దాన్ని పేదవాడి చేతికి చేర్చేదాకా మీ మీదున్న జకాత్ తీరదు. కాబట్టి అది ఎవరి చేతికి పోతుందో చూసుకోవడం కూడా నమాజుకి వుజూ లాగా ఇబాదత్‌లో, అంటే ఆరాధనలో, భాగమే.

కడప, రాయచోటి, మదనపల్లె, కదిరి, హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడిన మనవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. ఇంట్లో తెలుగే మాట్లాడే దూదేకుల కుటుంబాలు మనలో బోలెడు. ఇక్కడి మసీదుల్లో బయాన్ (ప్రసంగం) ఎక్కువగా ఉర్దూలో సాగుతుంది, జకాత్ మసాయిల్ (నియమాలు) చెప్పే రోజు సగం అర్థమై సగం అర్థంకాక ఇంటికొస్తాం, అడగాలంటే మొహమాటం.

ముందు లెక్క, అదీ షాబాన్‌లోనే

మీ దగ్గర నిసాబ్, అంటే జకాత్ పడే కనీస మొత్తం, అంత సొమ్ము మొదటిసారి చేరిన చాంద్రమాన తేదీయే మీ జకాత్ తేదీ. అది గుర్తులేకపోతే అందాజాగా ఒక హిజ్రీ తేదీ ఖాయం చేసుకోండి, ఇక ఏటా అదే. పుణ్యం ఎక్కువని రంజాన్‌లో ఇవ్వాలనుకుంటే మంచిదే, కానీ లెక్క, సంస్థల గురించి వాకబు రంజాన్‌కి ముందు నెల షాబాన్‌లోనే పూర్తిచేయండి. ఉపవాసం, ఆఫీసు, ఇఫ్తార్, ఊరి ప్రయాణం అన్నీ ఒకేసారి మీద పడినప్పుడు ఎవరూ ట్రస్టు డీడ్ చదవరు.

నిసాబ్ బంగారంలో 87.48 గ్రాములు, వెండిలో 612.36 గ్రాములు. పుస్తకాల్లో ఏడున్నర తులాలు, యాభై రెండున్నర తులాలు అని ఉంటుంది, అది 11.66 గ్రాముల పాత తులం. ఇప్పుడు షాపుల్లో తులమంటే పది గ్రాములు, అందుకని గ్రాముల్లోనే చూసుకోండి. ఒక్క బంగారం తప్ప చేతిలో నగదు, వెండి, సరుకు ఏమీ లేనివాళ్ళకే బంగారం నిసాబ్. కొంచెం బంగారం, బ్యాంకులో కొంచెం డబ్బు ఉన్న మనలాంటి అందరికీ అన్నీ కలిపి వెండి విలువతో పోల్చి చూడాలని మన ముఫ్తీలు, అంటే ఫత్వా ఇచ్చే పండితులు, చెప్తారు. ఆ విలువ ఎంతో ఆ రోజు వెండి ధర చూసి గుణించుకోండి, పోయినేటి అంకె పనికిరాదు.

నగదు, బ్యాంకు నిల్వ, ఎఫ్‌డీలో అసలు, బంగారం, వెండి, వ్యాపారపు సరుకు, షేర్లు, మీకు రావలసిన బాకీలు, అన్నీ కూడండి. ఇప్పుడు తీర్చాల్సిన అప్పులు తీసేయండి. మిగిలినదాంట్లో నలభయ్యో వంతు, అంటే రెండున్నర శాతం. ఆరు లక్షలు తేలితే పదిహేను వేలు. మీరుంటున్న ఇల్లు, బండి, ఇంట్లో సామాను లెక్కలోకి రావు. ఒంటిమీద వేసుకునే నగలకి హనఫీల్లో జకాత్ ఉంది. షాఫయీల్లో వాడుకునే నగలకి లేదన్నది ప్రబలమైన మాట, కాబట్టి చెన్నైలో ఉన్న మీ స్నేహితురాలు ఇవ్వక్కర్లేదంటే కంగారుపడకండి, ఆమె మజ్‌హబ్ వేరు అయ్యుండొచ్చు.

మనవాళ్ళు ఎక్కువగా తడబడేది ప్లాట్ల దగ్గర. ఊర్లో కొన్న ప్లాటు ఇల్లు కట్టుకోవడానికైతే జకాత్ లేదు. ధర పెరిగాక అమ్ముదామనే కొన్నట్లయితే అది వ్యాపారపు సరుకే, ఈ రోజు మార్కెట్ ధర మీద జకాత్ పడుతుంది. కొన్నప్పటి నియ్యత్ (ఉద్దేశం) ఏంటో మీకే తెలుసు, నిజాయితీగా రాసుకోండి. చీటీ పాడకుండా కడుతూ వస్తుంటే అందులో వేసిన డబ్బు మీదే, కలపాలి. పాడేసి ఉంటే ఇంకా కట్టాల్సింది మీ అప్పు. బెంగళూరులో ఇంటి ఓనరు దగ్గర లక్షల్లో ఇరుక్కున్న అడ్వాన్సు మీద, పీఎఫ్ మీద, ఇంటి లోన్‌లో ఎంత తీసేయొచ్చు అన్నదాని మీద ఉలమాల్లో (మత పండితుల్లో) భిన్నాభిప్రాయాలున్నాయి, అవి మీ లెక్క చేతిలో పట్టుకుని ముఫ్తీని అడగాల్సినవి. టానరీ రోడ్డు దాటాక వచ్చే అరబిక్ కాలేజీ, అదే దారుల్ ఉలూమ్ సబీలుర్ రషాద్ లాంటి పెద్ద మదరసాలున్న నగరం ఇది, అడగడానికి మనుషులు లేక కాదు. ఉర్దూ రాకపోతే తోడు ఒకరిని తీసుకెళ్ళండి.

ఎఫ్‌డీ మీద వచ్చిన వడ్డీని జకాత్ కింద చూపించొద్దు. ఆ డబ్బు పుణ్యం ఆశించకుండా వదిలించుకోవాల్సింది, జకాత్ మీ హలాల్ సొమ్ములోంచి వెళ్ళాలి.

ఎవరికి చెల్లుతుంది, ఎవరికి చెల్లదు

ఖుర్ఆన్‌లో తౌబా సూరా 60వ ఆయత్ ఎనిమిది రకాల మనుషుల్ని చెప్పింది. పేదలు, ఏమీ లేని నిరుపేదలు, జకాత్ వసూలు చేసే ఉద్యోగులు, మనసులు దగ్గర చేసుకోవాల్సినవాళ్ళు, బానిసత్వంలో ఉన్నవాళ్ళ విడుదల, అప్పుల్లో మునిగినవాళ్ళు, అల్లాహ్ మార్గంలో ఉన్నవాళ్ళు, దారిలో చిక్కుకున్న బాటసారి. మనం ఇచ్చేది ఎక్కువగా పేదలకు, అప్పులవాళ్ళకు.

అమ్మానాన్న, తాత అవ్వ, పిల్లలు, మనవలు, భార్య, వీళ్ళకి జకాత్ చెల్లదు, వీళ్ళని చూసుకోవడం ఎలాగూ మీ బాధ్యతే. సయ్యదులకు చెల్లదు. కానీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, మేనత్త, పిన్ని, వాళ్ళ పిల్లలు పేదవాళ్ళైతే చెల్లుతుంది, పైగా రెండు పుణ్యాలు, ఒకటి దానానిది, ఒకటి బంధుత్వం నిలబెట్టినదానిది అని హదీసులో ఉంది. అందుకని ఏ సంస్థ పేరూ వెతకకముందు మీ బంధువుల జాబితా ఒకసారి రాయండి. ప్రొద్దుటూరులో కుట్టుమిషన్ మీద పిల్లల్ని చదివిస్తున్న మేనత్త ఉండగా ముక్కూ మొహం తెలియని పోస్టరుకి పంపడం నాకు సరిగా అనిపించదు. ఇది జకాత్ అని ఆమెకి చెప్పనక్కర్లేదు. ఇచ్చేటప్పుడు మీ నియ్యత్ జకాత్‌దైతే చాలు, పండగకి పంపానత్తా, పిల్లలకి బట్టలు తీసుకో అని చెప్పి ఇవ్వొచ్చు. చెయ్యి చాచిన బాధ ఆమెకి ఉండదు.

విధవ కాబట్టి, అనాథ కాబట్టి హక్కు వచ్చేయదు. అవసరాలకు మించి నిసాబ్ అంత సొమ్ము ఆమె దగ్గర ఉంటే ఆమెకి జకాత్ చెల్లదు, మంచి సంస్థ ఇది అడిగి తెలుసుకుంటుంది. ఇంట్లో పనిచేసే అక్క ముస్లిం కాకపోతే ఆమెకి ఎంతైనా సదకా, అంటే ఇష్టపూర్వక దానం, ఇవ్వండి, అది గొప్ప పని, కానీ అత్యధిక ఉలమాల మాట ప్రకారం జకాత్ లెక్కలో రాయకూడదు. ముస్లిమే అయినా, ఆమె జీతాన్నో, ఇస్తానని ముందే ఒప్పుకున్న బోనస్‌నో జకాత్ అని చెప్పుకోకూడదు.

హనఫీల్లో ఇంకో మాట ఉంది, తమ్లీక్. జకాత్ సొమ్ము పేదవాడి సొంతం కావాలి. అందుకే మసీదు కట్టడానికి, బోరు వేయడానికి, శ్మశానం గోడకి, మదరసా ఉస్తాదుల జీతానికి జకాత్ వాడరు. అక్కడే ఉండి చదివే పేద పిల్లల భోజనానికి, బట్టలకి అయితే చెల్లుతుంది.

సంస్థని చూసే పద్ధతి

2019 జూన్‌లో ఐఎంఏ మునిగిపోయినప్పుడు శివాజీనగర్‌లో ఆ ఆఫీసు ముందు గుమిగూడిన జనాన్ని ఈ ఊరు ఇంకా మరచిపోలేదు. అది జకాత్ సంస్థ కాదు, పెట్టుబడి కంపెనీ, కానీ జనం దాన్ని నమ్మిన తీరు మాత్రం మనకి బాగా తెలిసిందే. హలాల్ అన్న మాట విన్నారు, పెద్దమనుషుల ఫొటోలు చూశారు, కాగితాలు అడగలేదు. జకాత్ విషయంలో కూడా మనం ఇదే చేస్తాం, అడిగితే అవతలివాళ్ళ ఈమాన్‌ని అనుమానించినట్టు ఉంటుందేమో అని వెనక్కి తగ్గుతాం. నిజాయితీగా నడిపేవాళ్ళకి అడిగేవాళ్ళంటే ఇష్టం, ఇది నేను గట్టిగా నమ్ముతాను. (ఐఎంఏ లాంటి చోట ఇరుక్కుని, తిరిగొచ్చే ఆశ లేని డబ్బు మీద ఇప్పుడు జకాత్ లేదు, చేతికొచ్చాక ఎలా లెక్కపెట్టాలో ముఫ్తీని అడగండి.)

మొదట కాగితాలు. ట్రస్టయితే సబ్‌రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టరైన డీడ్, సొసైటీ అయితే రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, సంస్థ పేరుమీద పాన్, సంస్థ పేరుమీదే బ్యాంకు ఖాతా. ఆదాయపు పన్ను శాఖలో 12ఏ లేదా 12ఏబీ రిజిస్ట్రేషన్ ఉందా అడగండి. నీతి ఆయోగ్ వాళ్ళ దర్పణ్ పోర్టల్‌లో పేరు కొట్టి చూడండి, నమోదై ఉంటే వివరాలు కనిపిస్తాయి. పోర్టల్‌లో ఉన్నంత మాత్రాన మంచి సంస్థని కాదు, కనీసం దానికో చిరునామా, బాధ్యులు ఉన్నారని తెలుస్తుంది.

80జీ, అంటే విరాళం ఇచ్చినవాళ్ళకి ఆదాయపు పన్నులో దొరికే మినహాయింపు, దాని గురించి కొంచెం జాగ్రత్తగా అర్థం చేసుకోండి. 80జీ లేదనగానే దొంగ సంస్థ అనుకుంటారు కొందరు. ఒక మతంవాళ్ళ మేలుకోసమే అని రాసుకున్న ట్రస్టులకి మామూలుగా ఆ మినహాయింపు రాదు, కాబట్టి చక్కగా నడిచే జకాత్ ట్రస్టుకి కూడా అది లేకపోవచ్చు. ఉన్నా, మీరు కొత్త పన్ను విధానంలో ఉంటే మీకు పనికిరాదు, పాత విధానంలో ఉన్నా నగదుగా రెండు వేలకు మించి ఇస్తే లెక్కలోకి రాదు. పన్ను కలిసొస్తే సంతోషం, కానీ సంస్థని ఎంచుకోవడానికి అదే కొలత కాకూడదు.

కాగితాల తర్వాత ఫోన్ చేసి మాట్లాడండి, వీలైతే ఒక ఆదివారం వెళ్ళి కూర్చోండి. జకాత్ డబ్బుకి వేరే ఖాతాగానీ వేరే లెక్కగానీ ఉందా, సదకాతో కలిపేస్తారా? వచ్చిన జకాత్ ఎన్నాళ్ళలో పంచేస్తారు, ఏడాదంతా ఖాతాలోనే పడుకుంటుందా? ఆఫీసు అద్దె, జీతాలు జకాత్‌లోంచి తీస్తారా, వేరే విరాళాల్లోంచా, ఏ ముఫ్తీ మాట మీద? ఫలానా మనిషి హక్కుదారు అని ఎవరు తేలుస్తారు, ఇంటికెళ్ళి చూస్తారా, ఫోన్‌లోనే సరిపెడతారా? పోయినేడు ఆడిట్ రిపోర్టు చూపిస్తారా? ఈ ప్రశ్నలకి జవాబు ఎంత త్వరగా వచ్చిందో కాదు, ఎంత తిన్నగా వచ్చిందో చూడండి. పాలనా ఖర్చు జకాత్‌లోంచి తీసుకుంటామని చెప్పినవాళ్ళు మోసగాళ్ళేం కాదు, దాని మీద ఉలమాల చర్చ ఉంది. అసలు మాకు ఖర్చే లేదు, రూపాయికి రూపాయి పేదలకే అనేవాళ్ళని మాత్రం, మరి ఆఫీసు కరెంటు బిల్లు ఎవరు కడుతున్నారని అడగండి. వేరే దాతలు కడుతున్నారంటే ఎంతో మంచిది.

ఫ్రేజర్ టౌన్ వైపు ఒక చిన్న ట్రస్టులో ఫైలు చూపించమని అడిగాను. పసుపు అట్ట ఫైలు తీసి, పేరు, ఫొటో ఉన్నచోట ఒక తెల్లకాగితం అడ్డంపెట్టి, మిగతాది చూడమన్నారు. ఇంటికి ఎవరెళ్ళారు, ఏ తేదీన, అద్దె ఎంత, ఇంట్లో సంపాదించేది ఎవరు, ఒంటిమీద బంగారం ఎంత, అప్పు ఎవరికి, అంతా చేతిరాతలో ఉంది. వెనక స్కూలు ఫీజు రసీదు, ఇచ్చిన చెక్కు నకలు, చివర్న ఆమె సంతకం. ఆ పేరు మీద పెట్టిన కాగితమే నాకు ఆడిట్ రిపోర్టుకంటే ఎక్కువ నమ్మకమిచ్చింది. దీనికి పూర్తిగా రివర్స్ ఏంటంటే, బురఖాలో ఉన్న ఆడవాళ్ళని వరసగా నిలబెట్టి బియ్యం సంచీతో ఫొటోలు తీసి ఫేస్‌బుక్‌లో పెట్టడం. అలాంటి పేజీలకి నేను ఇవ్వను. మీకు లెక్క కావాలి, వాళ్ళ మొహాలు కాదు.

దేశమంతా పనిచేసేవాళ్ళని చూడాలంటే, ఢిల్లీలో 1997లో మొదలైన జకాత్ ఫౌండేషన్ ఆఫ్ ఇండియా ఉంది, సివిల్స్‌కి చదివే పిల్లలకి కోచింగ్ సాయంతో పేరు తెచ్చుకుంది. అసోసియేషన్ ఆఫ్ ముస్లిం ప్రొఫెషనల్స్ వాళ్ళు ఇండియాజకాత్ అనే క్రౌడ్‌ఫండింగ్ వేదిక నడుపుతున్నారు. వీళ్ళనైనా ఇవే ప్రశ్నలు అడగండి.

రసీదు పుస్తకాలు, ఆసుపత్రి పోస్టర్లు

రంజాన్‌లో మసీదు బయట రసీదు పుస్తకంతో నిలబడే సఫీర్లు ఎక్కడెక్కడి మదరసాల నుంచో రైలెక్కి వస్తారు. వాళ్ళలో నిజంగా కష్టపడేవాళ్ళు ఉన్నారు, కసురుకోవద్దు. కానీ తస్దీక్‌నామా చూపించమనండి, అంటే తెలిసిన పెద్ద సంస్థ ఈ మదరసా ఉంది, నడుస్తోంది అని ఇచ్చిన ధ్రువపత్రం. దానిమీద ఏడాది చూడండి, పాతది తిప్పుతుంటారు. రసీదు మీద అచ్చైన వరస నంబరు, మదరసా రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. జకాత్, సదకా, ఫిత్రా, అతియా అని గళ్ళుంటాయి, మీ ముందే జకాత్ గడిలో టిక్ పెట్టించండి. అతియా అంటే మామూలు విరాళం, అందులో పడితే గోడకి సిమెంటైపోతుంది. ఆ మదరసాలో ఉండి చదివే పిల్లలెంతమందో అడగండి. సందేహం తీరకపోతే చేతిలో ఇవ్వకుండా మదరసా ఖాతాకే పంపిస్తానని చెప్పి నంబరు తీసుకోండి.

ఆసుపత్రి పోస్టర్ వస్తే ముందు ఆసుపత్రికే ఫోన్ చేయండి. పోస్టర్ మీది నంబరుకి కాదు, ఆసుపత్రి సొంత వెబ్‌సైట్‌లోని నంబరుకి. పేషెంట్ పేరు, ఇన్‌పేషెంట్ (ఐపీ) నంబరు చెప్పి, చేరి ఉన్నారా, బిల్లు ఎంత మిగిలింది, కౌంటర్‌లో నేరుగా కట్టొచ్చా అడగండి. పెద్ద ఆసుపత్రుల్లో సోషల్ వర్కర్ ఉంటారు, వాళ్ళని అడగడం తేలిక. బిల్లు మీరే కట్టేస్తే పేషెంట్‌కిగానీ ఇంటివాళ్ళకిగానీ ముందు చెప్పి, మీ బాకీ నేను తీర్చనా అని ఒప్పించుకోండి, అప్పుడు తమ్లీక్ విషయంలో సందేహం ఉండదు. నెలల కింద కోలుకున్న పిల్లాడి ఫొటో, చనిపోయిన మనిషి రిపోర్టు ఇంకా గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటాయి, క్యూఆర్ మాత్రం కొత్తది అంటించి. క్రౌడ్‌ఫండింగ్ సైట్ల ద్వారా ఇస్తే చివర్లో సైటుకి టిప్ అని ఒక మొత్తం దానంతటదే కలిపేస్తారు, అది జకాత్‌లోకి రాదు, తీసేయండి లేదా విడిగా లెక్కపెట్టుకోండి.

పంపేటప్పుడు

యూపీఐలో స్కాన్ చేశాక పైన వచ్చే పేరు చదవండి. ట్రస్టు పేరుకి బదులు ఎవరో మనిషి పేరొస్తే ఆగండి, ప్రెసిడెంట్‌గారి పర్సనల్ నంబరండీ, ట్రస్టు ఖాతాలో ఏదో ప్రాబ్లం అంటే ప్రాబ్లం తీరాకే పంపుతానని చెప్పండి. మొదట చిన్న మొత్తం పంపి, రసీదు వచ్చాక మిగతాది పంపితే టెన్షన్ ఉండదు. నోట్‌లో జకాత్ అని రాయండి, మెసేజ్‌లో కూడా ఇది జకాత్ అని చెప్పండి, లేకపోతే వాళ్ళు జనరల్ ఫండ్‌లో వేసుకుంటారు, తప్పు వాళ్ళది కాదు.

ఫిత్రా దీంతో కలపొద్దు. అది ఇంట్లో మనిషి మనిషికీ లెక్క, ఈద్ నమాజుకి ముందే పేదల చేతికి చేరాలి, కాబట్టి ఆ సంస్థ పండగకి ముందే పంచుతుందా అని అడిగి ఇవ్వండి.

మొత్తం ఒక్కసారే ఇచ్చేయాలని లేదు. జకాత్ తేదీ రాకముందే, నిసాబ్ ఉన్నవాళ్ళు, రాబోయే జకాత్‌ని నెలనెలా అడ్వాన్సుగా ఇస్తూ పోవచ్చు, చివర్లో లెక్క సరిచూసుకుంటే చాలు. నాకు ఈ పద్ధతి మీద చాలా ఇష్టం. రంజాన్‌లో ఒక ఇంటికి మూడు సంస్థల రేషన్ కిట్లు చేరతాయి, జూన్‌లో స్కూలు ఫీజు కట్టాల్సినప్పుడు అదే ఇంట్లో రూపాయి ఉండదు. ఒక పిల్ల డిప్లొమా చదువు మూడేళ్ళు మీ జకాత్‌తో పూర్తయితే తర్వాత ఆ ఇల్లు జకాత్ తీసుకునే అవసరమే లేకుండా పోవచ్చు. గడువు దాటిపోయిన జకాత్‌ని మాత్రం ఇలా నెలనెలా సాగదీయొద్దు, అది వెంటనే ఇవ్వాల్సిన బాకీ.

ఇక్కడా, ఊర్లోనా

ముఆజ్ రజియల్లాహు అన్హుని యమన్ పంపినప్పుడు ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం చెప్పింది, అక్కడి ధనవంతుల దగ్గర తీసుకుని అక్కడి పేదలకే ఇవ్వమని. దాన్నిబట్టి మనం సంపాదిస్తున్న ఊరి పేదలకి హక్కుంది. గోరిపాళ్యలో, పాదరాయనపురలో ఒక్క గదిలో ఆరుగురుండే ఇళ్ళు మన ఆఫీసు క్యాబ్ దారికి ఎంతో దూరం లేవు. కానీ బంధువులుంటే, లేదా వేరేచోట అవసరం ఇంకా ఎక్కువైతే అక్కడికి పంపొచ్చని హనఫీ ఉలమాలే చెప్పారు. నేనైతే ముందు బంధువులకి తీసిపెట్టి, మిగిలింది బెంగళూరుకి, మా ఊరి మసీదు జమాత్ బైతుల్‌మాల్‌కి (పేదల సాయనిధికి) సగం సగం చేస్తాను. ఊరి జమాత్‌ని అడగాల్సిన ప్రశ్నలు కూడా ఇవే, తెలిసినవాళ్ళే కదా అని వదిలేయకండి. ఊరి లెక్కలు నోటితో నడుస్తాయి, ఒక నోటుబుక్ పెట్టించగలిగితే అది కూడా మీరు చేసిన సాయమే.

ఇచ్చాక ఒక కాగితం మీదో ఫోన్‌లోనో రాసుకోండి, హిజ్రీ తేదీ, ఆ రోజు వెండి ధర, మొత్తం సొమ్ము, జకాత్ ఎంత తేలింది, ఎవరికెంత వెళ్ళింది, రసీదు ఫొటో. ఈ లెక్క ఇంట్లో ఇంకొకరికి కూడా తెలిసి ఉండాలి. రంజాన్ తర్వాతి నెల షవ్వాల్ దాటాక, జిల్‌ఖాదాలో ఒకసారి ఆ సంస్థకి ఫోన్ చేసి, నేను పంపింది పంచేశారా, దేనికి వాడారు అని అడగండి. తిన్నగా చెప్పినవాళ్ళ పేరు పక్కన టిక్ పెట్టుకోండి, ఫోన్ ఎత్తనివాళ్ళని వచ్చే షాబాన్‌లో జాబితాలోంచి తీసేయండి.